పాత బండి బేరంలో ప్రాణం లెక్కకు రావాలి

కోటబొమ్మాళి నుంచి విశాఖపట్నం దాదాపు 150 కిలోమీటర్లు. కేజీహెచ్‌లో చూపించుకోవాలన్నా, పరదేశం వెళ్లే కొడుకును విమానం ఎక్కించాలన్నా, అరసవల్లిలోనో సింహాచలంలోనో మొక్కు తీర్చుకోవాలన్నా పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కక తప్పదు. ఉద్దానంలో కిడ్నీ రోగిని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లే ఇంటికి సొంత బండి విలాసం కాదు, అవసరం. గల్ఫ్‌లోనో, ఓడల మీదనో, హైదరాబాద్‌లో కట్టడం పనుల్లోనో కూడబెట్టిన సొమ్ముతో ఇప్పుడు మన పల్లెల్లో చాలా ఇళ్ల ముందు ఒక చిన్న కారు నిలబడుతోంది. ఎక్కువసార్లు అది కొత్తది కాదు. ఇంటిల్లిపాదీ పడుతుందని, సామాను పడుతుందని, పెట్రోలు తక్కువ తాగుతుందని ఎంచుకున్న పాత వ్యాగన్ఆర్, ఈకో, ఓమ్నీ, ఎర్టిగా. అక్కడక్కడా డాట్సన్ గో ప్లస్.

పాత బండి కొనడంలో తప్పేమీ లేదు. మధ్యతరగతి ఇల్లు కొత్త కారు అప్పులో కూరుకుపోవడం కంటే, బాగా చూసుకున్న పాత కారు కొనుక్కోవడం తెలివైన పనే. మా ఆందోళన బేరం జరిగే తీరు గురించి. కొనేవాళ్లు నలుగురు కలిసి వెళ్తారు. మైలేజీ ఎంత, ఏసీ లాగుతోందా, ఎన్ని చేతులు మారింది, ఆఖరి రేటెంత అని అడుగుతారు. టైర్లను కాలితో తన్ని చూస్తారు. బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వింటారు. ఎదురుగా వస్తున్న బండి గుద్దితే లోపల కూర్చున్న పిల్లలు ఏమవుతారు అని మాత్రం ఎవరూ అడగరు. అమ్మేవాడు చెప్పడు. సి-బుక్కులో అది రాసి ఉండదు.

ఈ రోడ్డు సంగతి కోటబొమ్మాళి మండలానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇదే మండలంలోని నిమ్మాడలో పుట్టి, శ్రీకాకుళం నుంచి నాలుగుసార్లు లోక్‌సభకు వెళ్లి, కేంద్రమంత్రిగా పనిచేసిన కింజరాపు ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న ఈ రహదారి మీదే చనిపోయారు. రణస్థలం దగ్గర ఆయన ప్రయాణిస్తున్న వాహనం ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొంది. అంతటి నాయకుడిని పోగొట్టుకున్న ఊళ్లకే ఈ రోడ్డు మీద జాగ్రత్త చెప్పాల్సి రావడం బాధగా ఉంది. అయినా చెప్పక తప్పదు.

టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి గ్రానైటు రాళ్లు మోసుకొచ్చే లారీలు, కోల్‌కతా-చెన్నై మధ్య రాత్రింబవళ్లు తిరిగే కంటైనర్లు, వరి గడ్డి మోస్తూ ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు, లైట్లు లేకుండా రోడ్డు వార నిలిపేసిన టిప్పర్లు. కుటుంబం ఎక్కిన చిన్న కారు వీటి మధ్య నుంచే సాగాలి. ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దితే చిన్న కారు ముక్కు లారీ కిందికి దూరిపోతుంది. దెబ్బ బంపర్‌కు తగలదు. అద్దానికి, పైకప్పును మోసే స్తంభాలకు, లోపలివాళ్ల తలలకు తగులుతుంది. లారీల వెనక అడ్డకమ్మీ ఉండాలని నిబంధన పెట్టింది అందుకే. అది వంగిపోయో ఊడిపోయో ఉన్న లారీలు రోజూ మన కంటబడుతూనే ఉంటాయి. ఇలాంటి రోడ్డు మీద తిరగాల్సిన బండికి ముందుగా చూడాల్సింది ఏసీ కాదు.

మొదట చూడాల్సింది బండి తయారైన నెల, సంవత్సరం. సి-బుక్కులో ఉంటుంది. ఆ తేదీని బట్టి ఆ కారులో ఏవి తప్పనిసరో, ఏవి కంపెనీ ఇష్టానికి వదిలేశారో తెలిసిపోతుంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జూలై 1 నుంచి. ఎదురుగా గుద్దించి చూసే ప్రభుత్వ పరీక్ష 2019 అక్టోబరు నుంచి. డ్రైవరు పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు పాత మోడళ్లకు కూడా 2021 చివర్లో గానీ తప్పనిసరి కాలేదు. అంటే 2016 నాటి ఎల్‌ఎక్స్‌ఐ వ్యాగన్ఆర్‌ను, 2022 నాటి వ్యాగన్ఆర్‌ను పక్కపక్కన నిలబెట్టి ధరలో తేడా లక్షో లక్షన్నరో అనుకుంటే పొరపాటు. మొదటి దాంట్లో స్టీరింగ్‌కూ ఛాతీకీ మధ్య ఏమీ లేకపోవచ్చు. ఆ తేడాను రూపాయల్లో కొలిచి మిగిలిందనుకోకూడదు.

మొత్తం మీద చిన్న కుటుంబ కార్ల చరిత్ర ఏమంత ధైర్యం ఇచ్చేది కాదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే అంతర్జాతీయ సంస్థ 2014 జనవరిలో మన దేశపు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసినప్పుడు, పరీక్షించిన ఐదూ సున్నా నక్షత్రాలతో తేలాయి. అదే ఏడాది నవంబరులో డాట్సన్ గో కూడా సున్నాయే. దాని ఒళ్లే ఎంత బలహీనంగా ఉందంటే, ఎయిర్‌బ్యాగు పెట్టినా పెద్దగా లాభం లేదని ఆ సంస్థ తేల్చింది. అమ్మకాలు ఆపమని నిస్సాన్‌ను బహిరంగంగా కోరింది. ఆ గో మీదనే నాలుగు మీటర్లలోపు పొడవులో మూడో వరుస సీటు ఇరికించి, 2015 జనవరిలో గో ప్లస్ తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో డాట్సన్ మన దేశం నుంచే వెళ్లిపోయింది. అందువల్ల ఇప్పుడా బండి చాలా చవకగా దొరుకుతుంది. ఏడుగురు పడతారనే ఆశతో దాన్ని చూసే కుటుంబాలకు ఒక్క మాట: ఆ మూడో వరుసలో కూర్చోబెట్టేది పిల్లల్నే. వాళ్ల తల వెనక మిగిలేది డిక్కీ అద్దం, దాని వెనక లారీ.

వ్యాగన్ఆర్‌కు 2019లో రెండు నక్షత్రాలు వచ్చాయి. పరీక్ష కఠినం చేశాక 2023లో పెద్దలకు ఒకటి, పిల్లలకు సున్నా. ఎయిర్‌బ్యాగు లేని ఈకోకు 2016లో పెద్దల విషయంలో సున్నా. ఎర్టిగాకు 2019లో మూడు, రెనో ట్రైబర్‌కు 2021లో నాలుగు. అందరూ ఐదు నక్షత్రాల బండే కొనాలని మేం చెప్పడం లేదు. చేతిలో ఉన్న డబ్బులో దొరికే రెండు బండ్ల మధ్య ఎంచుకునేటప్పుడు అయినా ఈ అంకెలు బల్ల మీదకు రావాలి. రెండేళ్లు కొత్తదైన మామూలు బండి, రెండేళ్లు పాతదైన టాప్ మోడల్ కంటే ఎక్కువ కాపాడవచ్చు. అలాయ్ వీల్సు, పెద్ద స్క్రీను చూసి మోసపోకూడదు.

ఇక ఇప్పుడు మార్కెట్లో ఉన్న అతి పెద్ద ముప్పు నీట మునిగిన బండ్లు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. వేల కార్లు, బైకులు మునిగాయి. అంతకుముందు 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నైలో ఇదే జరిగింది. బాగుచేసే ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే, బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తుంది. బండి సాల్వేజీ కింద వేలానికి పోతుంది. అక్కడితో దాని బతుకు ముగియాలి. శాశ్వతంగా పనికిరాకుండా పోయిన బండి సంగతి 14 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. కానీ వేలంలో కొన్నవాడు దాన్ని కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి, పాలిష్ కొట్టి, ఆ నీళ్లను చూడని జిల్లాకు పంపేస్తే పట్టుకునే యంత్రాంగం మనకు లేదు.

ఇక్కడ శ్రీకాకుళం జిల్లా వాళ్లు ఒక చిన్న విషయం గమనించాలి. ఒకప్పుడు నంబరు ప్లేటు బండి పుట్టినూరు చెప్పేది. ఏపీ 30 అంటే మనది, 31 విశాఖ, 35 విజయనగరం, 16 కృష్ణా. 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే సిరీస్ వచ్చింది. అప్పటి నుంచి రిజిస్టరైన కారు ప్లేటు చూసి అది సింగ్‌నగర్‌లో మునిగిందో, సోంపేటలో డాబా కింద ఉందో చెప్పలేం. సి-బుక్కులో మొదటి యజమాని చిరునామా, ఏ ఊళ్లో రిజిస్టరైంది, ఎప్పుడెప్పుడు చేతులు మారింది అన్నది చూసి తీరాలి. 2024 సెప్టెంబరు తర్వాత కొద్ది నెలలకే విజయవాడ నుంచి చేతులు మారిన బండి అయితే రెండు రెట్లు జాగ్రత్త పడాలి.

నీళ్లు తాగిన బండి నెలా రెండు నెలలు బాగానే తిరుగుతుంది. ప్రమాదమంతా అందులోనే ఉంది. వైరింగు జాయింట్లలో పచ్చటి చిలుము నెమ్మదిగా పాకుతుంది. ఒక రాత్రి హైవే మీద హెడ్‌లైట్లు ఆరిపోతాయి. ఎయిర్‌బ్యాగు పెట్టె తడిసి ఉంటే గుద్దినప్పుడు తెరుచుకోకపోవచ్చు, గుద్దకుండానే తెరుచుకోవచ్చు. బ్రేకు ఆయిల్లో నీళ్లు కలిస్తే, బ్రేకులు బాగా వేడెక్కిన సమయంలో పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరు 11 తర్వాత వంశధార పొంగిన రోజులు చూసినవాళ్లకు బురద నీళ్లు ఎక్కడెక్కడ దూరతాయో తెలుసు. ఆ కళ్లతోనే కారును చూడాలి. సీటు బెల్టును కడదాకా లాగి చూడండి; ఎవరూ కడగని చోటు అది, బురద గీత అక్కడే మిగులుతుంది. సీట్ల కింది పట్టాల మీద తుప్పు, కార్పెట్ ఎత్తితే ముక్క వాసన, స్టెప్నీ గుంతలో సన్నటి ఒండ్రు, హెడ్‌లైటు లోపల ఆవిరి. వీటిలో ఏ రెండు కనబడినా ధర తగ్గించమని అడగవద్దు. లేచి వచ్చేయండి.

యాక్సిడెంటయిన బండ్లది ఇంకో కథ. ‘నాన్ యాక్సిడెంట్ అండీ, సింగిల్ హ్యాండ్, డాక్టరు గారి బండి’ అన్న మాట ప్రతి బేరంలోనూ వినబడుతుంది. టింకరింగు మేస్త్రీలు మన ప్రాంతంలో మంచి పనివాళ్లు. డోరుకు తగిలిన సొట్టను వాళ్లు తీర్చిదిద్దితే అందులో అపాయం లేదు. అపాయం ఎక్కడంటే, ముందు చాసిస్ కమ్మీలు వంగిపోయిన బండిని లాగి, కోసి, వెల్డింగ్ పెట్టి, పుట్టీ రాసి, రంగు కొట్టినప్పుడు. గుద్దినప్పుడు తాను ముడుచుకుని దెబ్బను మింగాల్సిన కమ్మీ రెండోసారి ఆ పని చేయదు. అది ఒకసారే వాడుకోవడానికి చేసినది. కొత్త బండిలో డోరు రబ్బరు లాగి చూస్తే స్తంభం పొడవునా ఒకే దూరంలో గుండ్రటి స్పాట్ వెల్డింగు గుర్తులుంటాయి. కోసి అతికిన చోట ఆ గుర్తులుండవు, లేదా చెల్లాచెదురుగా ఉంటాయి. బానెట్, మడ్‌గార్డు బోల్టుల తలల మీద రంగు చెదిరి ఉంటే పాన పెట్టి విప్పారన్నమాట. ఒకవైపు హెడ్‌లైటు కొత్తది, ఇంకోవైపుది పసుపెక్కింది. అద్దాల మీద అచ్చయిన సంవత్సరాలు ఒకదానికొకటి కలవవు. ఇలాంటివి చెప్పే సాక్ష్యం అమ్మేవాడి ప్రమాణం కంటే గట్టిది.

ఎయిర్‌బ్యాగు విషయంలో జరిగే మోసం అన్నిటికంటే ఘోరం. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగును మార్చడానికి వేలల్లో ఖర్చవుతుంది. అది పెట్టకుండా డాష్‌బోర్డు మూతను మాత్రం కొత్తది వేసి, మీటరులో హెచ్చరిక దీపాన్ని ఇంకో దీపం వైరుకు కలిపేస్తారు. తాళం తిప్పగానే ఆ ఎర్రదీపం వెలిగి, కొన్ని సెకన్ల తర్వాత తనంతట తాను ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆయిల్ దీపంతో పాటు ఇంజిన్ స్టార్టయ్యాకే ఆరినా అక్కడేదో చేశారు. దాన్ని తేల్చుకోవడం స్కానరు పెట్టే షెడ్డులో ఐదు నిమిషాల పని. ఖాళీ మూత వెనక బిడ్డను కూర్చోబెట్టి ఊళ్లు తిరుగుతున్న తండ్రికి ఆ సంగతి తెలిసే రోజు రాకూడదు.

బేరమాడేవారు పెద్దగా వాడని ఒక ఆధారం బీమా కాగితం. అమ్మేవాడి పేరున ఉన్న పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతమో చూడాలి. క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిస్తే అది 20 నుంచి మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడుతుంది. ఐదారేళ్లుగా ఒకే యజమాని దగ్గర ఉన్న ‘నాన్ యాక్సిడెంట్’ బండికి బోనస్ సున్నా ఎందుకుందో అడగండి. అదే పాలసీ పాత ప్రతుల్లో ప్రయాణికుల రవాణా వాహనం అని ఉంటే, అది విశాఖలో ట్రావెల్స్ కింద తిరిగి, పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు వేసుకున్న బండి. అలాంటి దానికి మీటరు అరవై వేలు చూపిస్తుంటే నమ్మనక్కర్లేదు. డిజిటల్ మీటర్లను వెనక్కి తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్ ఉన్నవాడికి చిటికెలో పని. పెడల్ రబ్బరు అరుగుదల, స్టీరింగు తోలు నునుపు, కంపెనీ సర్వీసు రికార్డు, ఈ మూడింటినీ మీటరుతో పోల్చాలి.

మన తీరానికి ఉన్న మరో బెడద ఉప్పు గాలి. నౌపడ ఉప్పు మళ్ల నుంచి, సంతబొమ్మాళి తీరం నుంచి వీచే గాలి బండి అడుగును తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. కింద జాకీ పెట్టే చోటు, బ్రేకు ఆయిల్ గొట్టాలు, సస్పెన్షన్ బిగించే కమ్మీలు పొరలు పొరలుగా రాలుతుంటాయి. కొనేముందు లిఫ్ట్ మీద ఎక్కించి కిందనుంచి చూడకపోతే ఇది ఎవరికీ కనబడదు. నల్ల రంగు అండర్‌కోటింగ్ కొత్తగా కొట్టించి ఉంటే, అది కాపాడటానికో కప్పిపుచ్చడానికో స్క్రూడ్రైవరు మొనతో తట్టి తేల్చుకోవాలి.

కంపెనీలే తప్పు ఒప్పుకుని వెనక్కి పిలిచిన బండ్లూ ఉన్నాయి. 2018 నవంబరు 15 నుంచి 2019 ఆగస్టు 12 దాకా తయారైన ఒక లీటరు ఇంజిన్ వ్యాగన్ఆర్లు 40,618 ఉంటే, పెట్రోలు గొట్టం క్లాంపుకు రాసుకునే అవకాశం ఉందని మారుతీ వాటిని తనిఖీకి పిలిచింది. 2020 జూలైలో పెట్రోలు పంపు లోపం అనుమానంతో వ్యాగన్ఆర్, బాలెనో కలిపి లక్షా 34 వేలకు పైగా పిలిచింది. పాత హోండా జాజ్, సిటీల్లో తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల గొడవ ప్రపంచమంతా నడిచింది. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే అందులోని మందు పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదకే ఎగురుతాయి. వేడి, తేమ రెండూ మన తీరానికి కొరతలేనివి. ఈ మరమ్మతులు ఎన్నో చేతి యజమానికైనా ఉచితం. చాసిస్ నంబరు ఇస్తే కంపెనీ సర్వీసు సెంటరులో పని పూర్తయిందో లేదో చెబుతారు. బండి చేతులు మారుతున్న కొద్దీ కంపెనీ పంపే ఉత్తరం పాత చిరునామాకే పోతుంది కాబట్టి అడగాల్సింది మనమే.

ఓమ్నీ, ఈకో వ్యాన్ల గురించి విడిగా చెప్పాలి. 1984 నుంచి 2019 దాకా తయారైన ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ముందు ముడుచుకోవడానికి బానెట్టే లేదు. డ్రైవరు మోకాళ్లే దాని ముక్కు. అలాంటి బండిలో బడి పిల్లల్ని కుక్కి తిప్పుతున్నాం. దానికి తోడు గ్యాసు. సి-బుక్కులో పెట్రోలు అని మాత్రమే ఉండి, వెనక సీటు కింద గ్యాసు కిట్టు ఉన్న వ్యాను ఏ ధరకు వచ్చినా కొనవద్దు. వంటింటి సిలిండరు నుంచి మోటారు పెట్టి గ్యాసు ఎక్కించడం చట్టవిరుద్ధం, అంతకు మించి ప్రాణాంతకం. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మ్యాటు కింద, సీట్ల కింద పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కంపెనీ సీఎన్‌జీ బండి అయితే సిలిండరుకు మూడేళ్లకోసారి చేయాల్సిన పీడన పరీక్ష పత్రం చూపించమనండి. చాలామంది అమ్మకందారుల దగ్గర అది ఉండదు. ఆ సిలిండరు మీద కూర్చునేది మన వాళ్లే.

కాగితాల దగ్గర అమ్మేవాడికి, కొనేవాడికి ఇద్దరికీ ముప్పు ఉంది. బండి డబ్బు పుచ్చుకుని, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి, బ్రోకరు చేతికిచ్చి వెళ్లిపోయే అలవాటు మన ప్రాంతంలో పాతుకుపోయింది. చట్టం ప్రకారం అమ్మినవాడు రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికైతే 45 రోజుల్లో తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో తన పేరు మార్పించుకోవాలి. నవీన్‌కుమార్ - విజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే ప్రమాదానికి బాధ్యత వారిదే. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో గంజాయి రవాణాకు పాత కార్లు వాడుతున్న రోజులివి. అమ్మేసిన బండి ఎక్కడో పట్టుబడితే పోలీసులు ముందు వచ్చేది సి-బుక్కులో పేరున్న ఇంటికే. కొన్నవాడి వైపు చూస్తే, థర్డ్ పార్టీ బీమా బండితో పాటే వస్తుంది. బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా మాత్రం పాలసీ తన పేరుకు మార్పించుకోనిదే అక్కరకు రాదు. పర్లాకిమిడి, బరంపురం నుంచి ఒడిశా నంబరుతో వచ్చే బండ్లకు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదన్న ఆంక్షల వల్ల ఢిల్లీ నుంచి చవకగా దిగిన బండ్లకు ఎన్‌ఓసీ, ఇక్కడి జీవిత పన్ను, కొత్త నంబరు అన్నీ కలిపి లెక్క వేస్తే ఆ చవక మిగలదు.

మరి ప్రభుత్వం ఏం చేస్తోంది? సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ 15 ఏళ్లలో బ్రేకులు, కమ్మీలు, బెల్టులు పనిచేస్తున్నాయా అని అధికారికంగా చూసే నాథుడే లేడు. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన ప్రతి కారునూ ఏటేటా పరీక్షిస్తారు. జపాన్‌లో మొదట మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి. అమెరికాలో పాత కారు కొనే మన పిల్లలు మొదట చూసేది దాని యాజమాన్య పత్రం మీద సాల్వేజ్ ముద్ర ఉందా అని. అక్కడ వరదలో మునిగి పూర్తి నష్టం కింద తేలిన బండి కాగితం మీద ఆ ముద్ర వేసే పద్ధతి ఉంది. అదే కుటుంబం ఇక్కడ కొనే బండికి అటువంటి గుర్తేదీ ఉండదు.

పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని, బండి తమ చేతికి వచ్చిన సంగతి నమోదు చేయించాలని, ఆ క్షణం నుంచి బాధ్యత వారిదేనని కేంద్ర నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి చెబుతున్నాయి. మంచి నిబంధన. హైవే పక్క చెట్టు కింద ఐదారు కార్లు నిలబెట్టి, ఫోను నంబరు రాసి అమ్మేవాళ్లకు అది వర్తించేలా చూడాల్సింది రవాణా శాఖ. అధికార పత్రం గోడకు తగిలించని చోట కొనవద్దని జనానికి చెప్పాల్సింది కూడా ఆ శాఖే.

ఇంత చూసుకుని కొన్నాక కూడా ఆ బండిని ఎలా వాడతామన్నది మిగిలే ఉంటుంది. ఐదుగురి కారులో తొమ్మిది మంది, పైన కారియరు మీద బియ్యం బస్తాలు, కొత్తమ్మతల్లి ఉత్సవానికో పెళ్లికో ప్రయాణం. సీటు బెల్టు లేకపోవడం వల్ల 2022లో మన దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 8,331 మంది డ్రైవర్లు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు. పాత కార్లలో వెనక బెల్టులు సీటు కవరు కింద కూరుకుపోయి ఉంటాయి. తీయించి, బిగించి, పని చేస్తున్నాయో చూసుకునే వరకు ఆ బండి కుటుంబానికి సిద్ధం కానట్టే. టైర్లు అరగకపోయినా వాటి పక్కన అచ్చయిన నాలుగు అంకెలు చూడండి. 2317 అంటే 2017లో ఇరవై మూడో వారం. ఎండకు గట్టిపడి పగుళ్లిచ్చిన రబ్బరు, నిండు బరువుతో మే నెల మధ్యాహ్నం హైవే మీద పేలిపోతే డ్రైవరు చేయగలిగింది చాలా తక్కువ.

లిఫ్ట్ మీద ఎక్కించి, స్కానరు పెట్టి, తెలిసిన మెకానిక్ చేత పూర్తిగా చూపించడానికి అయ్యేది మహా అయితే రెండు మూడు వేలు. రెండు మూడు లక్షల బేరంలో అది వెనకాడాల్సిన ఖర్చు కాదు. ఆ మెకానిక్‌ను బ్రోకరు తీసుకురాకూడదు, మనమే వెతుక్కోవాలి. చూపించడానికి ఒప్పుకోని అమ్మకందారుకు టోకెన్ ఇవ్వకూడదు.

దసరా నుంచి సంక్రాంతి దాకా పరదేశాల్లో ఉన్నవాళ్లు సెలవు మీద వస్తారు. ఉన్న నాలుగు వారాల్లోనే బండి కొని ఇంటి ముందు పెట్టి వెళ్లాలని తొందర పడతారు. ఎక్కువ బేరాలు తెగేది ఆ తొందరలోనే. బుడమేరు వరదలో పూర్తి నష్టం కింద డబ్బు చెల్లించిన ప్రతి బండి నంబరూ, చాసిస్ నంబరూ బీమా కంపెనీల రికార్డుల్లో ఉన్నాయి. వాటిని తెప్పించి, ఎవరైనా నంబరు కొట్టి చూసుకునేలా పెట్టమని, పేరు మార్పిడి సమయంలో ఆ బండ్లను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పరీక్షించాకే కాగితం ఇవ్వమని రాష్ట్ర రవాణా శాఖను కోరుతున్నాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనైనా ఈ పండగ రోజుల కంటే ముందే ఇది మొదలు కావాలి.